మొప్ప ఎరుపు

చేప మొప్ప ఎత్తి చూసేటప్పుడు కనకరత్నం ఎడమ కన్ను మూసుకునేది. తండ్రి దగ్గర్నుంచి వచ్చిన అలవాటు అది. మొప్ప మూత ఎత్తగానే ఒక్కోసారి పొలుసో, ఉప్పునీటి చుక్కో ఎగిరి కంట్లో పడుతుంది. పడితే ఒక కంట్లోనే పడాలి, రెండోది బేరానికి మిగలాలి అన్నది ఆయన లెక్క. నాగాయలంక దగ్గరి పల్లెలో నేర్చుకున్న ఆ చూపును ఆమె గుడివాడ మార్కెట్‌కు తెచ్చుకుంది. భర్త పోయాక దాని మీదే కొట్టు నిలబెట్టింది. ఆమె మొప్ప ఎత్తి, ఒక కన్ను మూసి, చేపను బల్ల మీద పెట్టిందంటే కొనేవాళ్ళు మారు మాట్లాడకుండా సంచీ తెరిచేవాళ్ళు. పక్కకు నెట్టిందంటే ఇక దాని వైపు చూసేవాళ్ళు కాదు.

సముద్రపు చేపకు ఒళ్ళు మెరిపించడానికి ఐసు చాలు, నీళ్ళు చాలు. మొప్పకు ఎరుపు తెప్పించడం మాత్రం ఎవరి తరమూ కాదు. అందుకే ఆమె తూకాన్ని నమ్మేది కాదు, మాటను నమ్మేది కాదు, మొప్పను నమ్మేది. మనుషుల్లో ఒక్క అంకమ్మరావును నమ్మేది.

ఆ ఉదయం బందరు నుంచి వచ్చిన పెట్టె మూత తీసి, పైనున్న వంజరాన్ని ఎత్తి చూసింది. ఎరుపు లేదు. నానిన ఇటుకలా ఉంది. దాని కిందిదీ అంతే. చందువా తీసింది. అదీ అంతే.

"నరేంద్రా, ఇలా రా."

నరేంద్ర ఆమె అన్నకొడుకు. కూతురు భార్గవినిచ్చి చేసింది కాబట్టి అల్లుడు కూడా. వ్యాను నడిపేదీ, పెట్టెలు దించేదీ అతనే.

"ఇదేం రంగురా?"

నరేంద్ర చేప వైపు చూశాడు. తరువాత అత్త మొహం వైపు చూశాడు. చేపను చూసినంతసేపే మొహాన్నీ చూశాడు.

"పాలిపోయిందత్తా."

"మొన్నటి పెట్టె కూడా ఇలాగే ఉందిరా. అప్పుడు పోనీలే అని ఊరుకున్నా."

"నేనూ చూశా. అంకమ్మరావు బాబాయిని ఏవన్నా అంటే నువ్వు ఊరుకోవని నోరు మూసుకున్నా."

కనకరత్నానికి కుడి కన్ను వెనక నొప్పి కదిలింది. ఆ నొప్పి కొత్తది కాదు. పొద్దున లేచేసరికి కుడి ముక్కు మూసుకుపోయి ఉండేది, కణత లాగేది, బామ్ రాస్తే కాస్త నెమ్మదించేది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టే మనిషికి రొంప రాక మానదు అనుకునేది. మందుల షాపులో కొన్న ముక్కు చుక్కలు కొంగు ముడిలోనే ఉండేవి. ఎవరో చెబితే తుమ్మి ఆకు పసరు కూడా ముక్కులో పిండించుకుంది. వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. పోపు మాడినా భార్గవి అరిస్తేనే తెలిసేది. చేపల బల్ల వెనక కూర్చునేదానికి ముక్కు పని చెయ్యకపోవడం నష్టమేమీ కాదని, దాన్ని కూడా లాభంలోనే కలుపుకుంది.

అంకమ్మరావుకు ఫోను చేసింది.

అతనిదీ వాళ్ళ పల్లే. రక్తసంబంధం లేకపోయినా తమ్ముడు అనే పిలిచేది. భర్త పోయిన తరువాత, ఆడది ఒక్కతే కొట్టు నడపలేదని అందరూ సరుకు ఆపేస్తే, బందరు పక్క గిలకలదిండి రేవులో పడవలు ఒడ్డుకు రాగానే వేలంపాట పాడి, ఏరి, ఐసు వేసి ఆమెకు పెట్టె పంపినవాడు అంకమ్మరావు. అప్పటినుంచి ఆమె ఒక్కసారి కూడా పాటకు వెళ్ళలేదు. "అక్కడ నువ్వు చూస్తే నేను చూసినట్టే" అనేది. అతను తన ఖాళీ పెట్టెలు కూడా ఆమె దగ్గరే ఉంచేవాడు. నీలం పెట్టెలు, మూతల మీద ఎర్ర రంగుతో అతని పేరు. ఆ వ్యాపారంలో సరుకు పంపేవాడి పెట్టె కొనేవాడి దగ్గర ఉన్నంతకాలం సంబంధం ఉన్నట్టు. వెనక్కి అడిగితే తెగినట్టు.

ఫోనులో ఏమందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఆడదాన్ని చేసి మోసం చేశావంది, కుళ్ళు సరుకు అంటగట్టావంది. అతను ఫోను పెట్టేసి, మోటారు సైకిలు మీద బయలుదేరి, మధ్యాహ్నానికల్లా మార్కెట్‌లో దిగాడు.

"ఏంటక్కా ఆ మాటలు? తాగొచ్చి మాట్లాడావా?"

"తాగలేదు గాని మండుతోంది. నువ్వు పంపినవి చేపలేనా?"

అంకమ్మరావు వంగి పెట్టెలోంచి వంజరాన్ని తీశాడు. బొటనవేలితో మొప్ప ఎత్తి ఆమె మొహం ముందు పెట్టాడు. "ఇదిగో. మందారప్పువ్వులాగుంది. పొద్దున పాటలో నా చేత్తో ఏరా. చెప్పు, ఏవైంది దీనికి?"

కనకరత్నం ఎడమ కన్ను మూసి చూసింది. ఇటుక రంగు. ఇంకాస్త దగ్గరికి వంగి చూసింది. అదే ఇటుక రంగు.

కుళ్ళు సరుకు పంపడం ఒక మోసం. అది వ్యాపారంలో ఉన్నదే, తిట్టుకుని సర్దుకోవచ్చు. ఆ సరుకునే కళ్ళ ముందు పెట్టి మందారప్పువ్వు అనడం ఇంకో రకం. తన చూపు మీద బతికే మనిషిని, తన చూపే తప్పని ఒప్పించబోవడం.

"నా మొహాన్నే అబద్ధమా తమ్ముడూ?"

"అబద్ధవేంటి? ఒరే నరేంద్రా, నువ్వు చెప్పరా. ఇది ఎరుపా కాదా?"

నరేంద్ర తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "అత్త చూసింది గదా బాబాయ్. ఆవిడ చూశాక నేనేం చెప్తా?"

"కత్తి ఇటివ్వు. కోసి కండ చూపిస్తా."

"కోసుకు తినే సరుకా అది, కొయ్యడానికి?" అంది కనకరత్నం.

పక్క కొట్లవాళ్ళు తొంగి తొంగి చూశారు. ఒక్కడూ దగ్గరికి వచ్చి మొప్ప ఎత్తలేదు. మంచి సరుకు ఆమెకు దూరమైతే ఎవరికి దగ్గరవుతుందో వాళ్ళకు తెలుసు.

అంకమ్మరావుకు కోపం నెత్తికెక్కింది. "గుడివాడలో కంటి డాక్టర్లే లేరా అక్కా? ముందెళ్ళి కళ్ళు చూపించుకో. తర్వాత నన్ను దొంగని చేద్దువుగాని."

మార్కెట్ గొల్లుమని నవ్వింది. ఆ నవ్వుతో ఆమెలో ఏదో తెగింది.

"నీ పెట్టెలు పట్టుకుపో."

అతను కొట్టు వెనక్కి వెళ్ళి ఖాళీ పెట్టెలన్నీ తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తాడు వేసి ఒక ఆటోకు ఎత్తించాడు. "మరి ఈ సరుకో?" అన్నాడు వెళ్తూ.

"ఎండబెట్టేవాళ్ళకు పడేస్తా. నీకు మాత్రం పైసా రాదు."

ఆ సరుకును నరేంద్ర వ్యానులో వేసుకుని వెళ్ళాడు.

కొత్త సరుకు నరేంద్రే కుదిర్చాడు. అవనిగడ్డ వైపు కొండలరావు అనే వ్యాపారి ఉన్నాడనీ, ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడనీ చెప్పాడు. కొండలరావు పెట్టెలు తెల్లవి, వాటి మీద పేరు లేదు. మొదటి పెట్టె తెరిచి మొప్ప ఎత్తినప్పుడు ఆమెకు అదీ ఇటుక రంగులోనే కనబడింది.

"ఇదీ అంతేగదరా?"

"లేదత్తా, ఇది ఎర్రగా ఉంది. నీకు మనసు విరిగి అట్లా కనబడుతోంది" అన్నాడు నరేంద్ర.

మనసు విరిగితే రంగు మారుతుందేమో ఆమెకు తెలియదు. అల్లుడు అన్నాడు కదా అని నమ్మింది. అంకమ్మరావు మోసం చేశాక నమ్మడానికి ఇంకెవరు మిగిలారని? కొన్నవాళ్ళు మాత్రం నెమ్మదిగా ముఖాలు తిప్పుకోసాగారు. ఒకావిడ వండిన కూర గిన్నెతో సహా తెచ్చి బల్ల మీద పెట్టి, "వాసన చూడు రత్నమ్మా, నువ్వు తింటావా ఇది?" అంది. కనకరత్నం వంగి వాసన చూసింది. గిన్నెలో ఆవిరి తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆ సంగతి చెప్పుకోలేక, "మీరే ఎక్కువసేపు ఉంచుకుని ఉంటారు" అని బుకాయించింది. ఆ గిన్నె ఆమెను చాలాకాలం వెంటాడింది.

తరువాత ఒక పొద్దున కుడి కన్ను తెరుచుకోలేదు. రెప్ప ఉబ్బి, గుడ్డు కాస్త ముందుకు తోసుకొచ్చినట్టు ఉంది. వేళ్ళతో రెప్ప విప్పి చూస్తే, ఎదురుగా ఉన్న భార్గవి ఇద్దరుగా కనబడింది.

"అమ్మా, ఇక నీ బామ్‌లూ పసర్లూ చాలు" అని భార్గవి ఆమెను బందరులో ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కొండలరావు దగ్గర ఎత్తిన పెట్టెలతో దారిలో ఉన్న నరేంద్ర, వ్యానును అటే తిప్పి వాళ్ళను కలుసుకున్నాడు.

డాక్టరు పూర్ణిమ వయసులో చిన్నది. లైటు వేసి చూసింది, గుడ్డును అటూ ఇటూ తిప్పించింది. తరువాత బల్ల మీదున్న చుక్కల మందు సీసా మూత ఊడదీసింది.

"అమ్మగారూ, ఎడమ కన్ను మూసుకోండి. ఈ మూత ఏం రంగు?"

ఎడమ కన్ను మూయమని కనకరత్నానికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మూసి చూసింది. "ఇటుక రంగండి."

"ఇప్పుడు కుడి కన్ను మూసి చెప్పండి."

మూసింది. మూత భగ్గుమన్నట్టుంది. నెత్తుటి ఎరుపు.

డాక్టరు ఇంకా ఏదో అడుగుతోంది. కనకరత్నం మాత్రం ఒక కన్ను మూసి తెరిచి, రెండోది మూసి తెరిచి, ఆ చిన్న మూత వైపే చూస్తోంది. ఎరుపు. ఇటుక. ఎరుపు. ఇటుక. మూత అదే. పట్టుకున్న చెయ్యీ అదే.

స్కాను తీయించాక డాక్టరు తల్లీకూతుళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "జబ్బు కంటిది కాదండీ, ముక్కుది. ముక్కు వెనకాల, కళ్ళ మధ్యన చిన్న చిన్న గాలి గదులుంటాయి. సైనస్ అంటాం. మీకు కుడి వైపు గది ఏళ్ళ తరబడి మూసుకుపోయి, లోపల చీము చేరి ఉబ్బింది. ఆ గోడకు ఆనుకునే కంటి నరం వెళ్తుంది. అది నలుగుతోంది. నరం నలిగితే ముందు రంగులు వెలిసిపోతాయి, అందులో ఎరుపు మరీనూ. ఇప్పుడు వాపు బయటికి కూడా వచ్చింది. ఈ రంగు తేడా ఎప్పటినుంచి?"

"వంజరం పాలిపోయినప్పటినుంచి" అంది కనకరత్నం.

డాక్టరుకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఆమెకు లేదు.

"ఈ రోజే విజయవాడ వెళ్ళండి. ముక్కు డాక్టరుకు నేను ఫోన్ చేస్తాను. మందులు ఎక్కించి, ముక్కులోంచే ఆపరేషన్ చేసి ఆ గది తెరుస్తారు. ఆలస్యమైతే చూపు పోతుంది, ఇన్ఫెక్షన్ మెదడు దాకా వెళ్ళినా వెళ్తుంది. ముందే వచ్చి ఉంటే బాగుండేదండీ. కళ్ళు చూపించుకోమని ఎవరూ చెప్పలేదా?"

చెప్పాడు. మార్కెట్ నిండా జనం ఉండగా, గొంతు చించుకుని చెప్పాడు. తిట్టనుకుంది.

ఆసుపత్రి వాకిట్లో వ్యాను ఆగి ఉంది. భార్గవి మందుల చీటీతో లోపలికి వెళ్ళింది. కనకరత్నం వ్యాను వెనక తలుపు తీసి, తెల్ల పెట్టె మూత ఎత్తి, ఒక పండుగప్పను బయటికి లాగింది. కారుతున్న ఐసు నీళ్ళు చీర మీద పడుతున్నా పట్టించుకోలేదు. జీవితంలో మొదటిసారి కుడి కన్ను మూసి మొప్ప ఎత్తింది. బూడిద కలిసిన గోధుమ రంగు, అంచుల్లో జిగురు. ఇది నిజంగానే పాచి సరుకు.

"నరేంద్రా."

అతను ఫోను జేబులో పెట్టుకుని వచ్చాడు.

"ఇది ఎర్రగా ఉందన్నావు."

అతను చేప అందుకోబోయాడు, ఆమె ఇవ్వలేదు.

"అంకమ్మరావు సరుకు పాలిపోయిందన్నావు. ఆ రోజు ఆ వంజరం ఏ రంగుందిరా? నిజం చెప్పు. నా కన్ను పోతోందంటున్నారు, ఇంకా అబద్ధం దేనికి?"

నరేంద్ర వ్యాను టైరు వైపు చూస్తూ, "ఎర్రగానే ఉంది" అన్నాడు.

"మరి?"

"నేను ముందనలేదత్తా. నువ్వే ఇదేం రంగురా అన్నావు. నీ మొహం చూస్తే పాలిపోయిందనే అన్నట్టుంది. నువ్వు చూశాక కాదన్నోడు మన కొట్లో ఉన్నాడా? నేనెప్పుడన్నా ఒక చేప బాగుందంటే నువ్విన్నావా? పెళ్ళయిందగ్గర్నుంచీ పెట్టెలు మోసేవాణ్ణే గదా నేను."

"మోసేవాడివి కాబట్టి నా కన్ను పోనిస్తావా?"

"కన్ను పోతోందని నాకేం తెలుసు? వయసైపోయి చూపు తగ్గిందనుకున్నా. కొండలరావు కలిసి చేద్దావన్నాడు, నాకూ ఒక వ్యాపారం ఉంటుందనుకున్నా. అంతే."

అందులో ఎంత నిజమో ఆమె లెక్క వేసింది. తన మాటకు ఎవరూ ఎదురు చెప్పకూడదని ఇన్నేళ్ళు నడిపింది, నిజమే. ఆ నడపడంలో అతనొక సందు చూసుకున్నాడు. అయినా తన ఇంట్లో తిని, తన కూతురి పక్కన పడుకుని, రోజూ పొద్దున తన గుడ్డితనాన్ని కళ్ళారా చూస్తూ అవునవునన్న మనిషి. ఆమె చేపను తిరిగి ఐసులో పెట్టి మూత వేసింది.

ముందు గిలకలదిండి వెళ్ళి అంకమ్మరావు కాళ్ళ మీద పడాలనిపించింది. ఊరి చివరే, ఎంతో దూరం లేదు. కాని ఆమె వ్యాపారస్తురాలు. పోతున్నదాన్ని ముందు ఆపాలి, పోయినదాని సంగతి తరువాత. "విజయవాడ పద" అంది వ్యాను ఎక్కి. తల్లికీ భర్తకూ మధ్య ఏదో జరిగిందని దారిలో భార్గవికి తెలుస్తోంది. తల్లి చెయ్యి పట్టుకుంది, భర్తను మాత్రం ఏమీ అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. చీమంతా తీసి గది తెరిచామన్నారు. వాపు తగ్గింది, ఇద్దరు భార్గవులూ మళ్ళీ ఒకటయ్యారు. రంగు సంగతి మాత్రం ముక్కు డాక్టరు ఖాయంగా చెప్పలేదు. నరం చాలాకాలం నలిగింది కాబట్టి ఎంత తిరిగొస్తే అంతే అన్నాడు. ఇటుక రంగు కాస్త తేటపడింది గాని ఎరుపు కాలేదు.

తిరిగొచ్చింది వాసన. ఇంటికొచ్చాక ఒక పొద్దున పోపు ఘుమాయించి ముక్కుపుటాలు అదిరాయి. ఆ సంతోషం కొట్టు తలుపు తీసేదాకానే. మూల పేర్చిన తెల్ల పెట్టెల దగ్గర కుళ్ళు కంపు కొట్టింది. ఇన్నాళ్ళూ జనానికి తను అమ్మింది ఇదా అనుకుంది. కూర గిన్నె తెచ్చినావిడ మొహం గుర్తొచ్చింది.

తెల్లారి బందరు బస్సెక్కింది. నరేంద్ర వ్యానులో దింపుతానన్నాడు. వద్దంది.

గిలకలదిండిలో పడవలు వచ్చేసి ఉన్నాయి. గుట్టలు పోసి పాటలు పాడుతున్నారు. అంకమ్మరావు ఆమెను చూసి కూడా పాట ఆపలేదు. ముగిశాక, తల గుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"కన్ను బాగుందా? విన్నా."

"బాగుంది. తప్పు నాదే తమ్ముడూ. నువ్వు ఆ రోజే కళ్ళు చూపించుకోమన్నావు."

"నేను తిట్టానక్కా. నాకేం తెలుసు నీ కన్ను సంగతి? మంచి చెప్పానని నా నెత్తిన పెట్టకు."

"అల్లుడు నన్ను..."

"తెలుసు. ఎండబెట్టేవాళ్ళకు పడేస్తానన్న సరుకు ఆ సాయంత్రమే పామర్రు సెంటర్లో తాజా వంజరం అని అమ్మారు. కొన్నవాడే నాకు ఫోన్ చేసి, నరేంద్ర చేతిలో ఇంత మంచి సరుకుందేంటని అడిగాడు."

ఈ సంగతి నరేంద్ర చెప్పలేదు. ఆసుపత్రి వాకిట్లో నిజం చెప్పమంటే సగమే చెప్పాడు.

"నువ్వే చేయించావనుకున్నా అక్కా" అన్నాడు అంకమ్మరావు. గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది. "డబ్బులియ్యకుండా సరుకు మింగడానికి, నలుగురిలో నన్ను దొంగని చేశావనుకున్నా. ఇన్నేళ్ళు పెట్టెలు పెట్టినోణ్ణి. అంతమందిలో ఏడవలేక పెట్టెలు కట్టుకున్నా."

"నేనట్లాంటిదాన్నా తమ్ముడూ?"

"నేనట్లాంటోణ్ణా మరి?"

రెండు వైపులా తూకం సమానంగా ఉంది.

పక్కకు జరిగి భార్గవికి ఫోను చేసింది. "కొట్టు తాళాలు, వ్యాను తాళాలు నీ దగ్గర పెట్టుకో. నరేంద్రకివ్వకు. ఎందుకో వచ్చాక చెప్తా. నువ్వు తట్టుకుంటావా లేదా తెలీదు గాని, చెప్పకుండా మాత్రం ఉండను." భార్గవి, "సరేనమ్మా" అంది.

వెనక్కి వచ్చి, "మళ్ళీ సరుకు పంపుతావా?" అని అడిగింది.

"పంపను." అంకమ్మరావు చేత్తో గుట్టలు చూపించాడు. "కావాలంటే పొద్దునే రా. నా వాటాలోంచి నువ్వే ఏరుకో. ధర అందరిదీ ఎంతో నీదీ అంతే. పెట్టె మాత్రం నీదే తెచ్చుకో."

అంటే గుడివాడ నుంచి రోజూ మొదటి బస్సు. ఈ వయసులో, చలిలో, ఇసుకలో. అంతకంటే పెద్దది ఇంకొకటుంది: ఇక ఒకరి కన్ను ఇంకొకరిది కాదు. బేరమాడితే తగ్గే ధర కాదది. "సరే" అంది.

గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఒక వంజరాన్ని చేతిలోకి తీసుకుంది. సముద్రపు వాసన తప్ప ఇంకేదీ లేదు దాని మీద. మొప్ప ఎత్తింది. చెయ్యి ఎత్తగానే ఎడమ కన్ను తనంతట తనే మూసుకుంది. వెలిసిన రంగు కనబడింది. తరువాత ఎడమ కన్ను తెరిచి, కుడి కన్ను మూసింది.

అంకమ్మరావు చూస్తూనే ఉన్నాడు. "ఏ కంటితో చూసుకుంటావో నీ ఇష్టం" అన్నాడు. "తర్వాత నాకు ఫోన్ చెయ్యకు."

ఆమె ఆ చేపను పక్కన పెట్టుకుని, ఇంకోదానికి చెయ్యి చాచింది.